యూనిక్స్ వ్యవస్థలో సామాన్య వినియోగదారుడు - ప్రాధాన్య నిర్ణయం

కంప్యూటరు ఏకకాలంలో పది పనులు చేస్తున్నట్లు మన కంటికి తోస్తుంది. స్థూలంగా చెప్పవలెనంటే, ప్రాసెసర్‌లోని ఒక్కొక్క కోర్ ఒక్కొక్క క్షణంలో ఒక్క పనిని మాత్రమే చేయగలదు. తక్కిన పనులన్నీ తమ వంతు కోసం వేచి ఉంటాయి. ఆ వంతులు సెకనులో స్వల్పాంశం వంతున అతి వేగంగా మారుతూ ఉండడం వలన అన్నీ ఒకేసారి సాగుతున్నాయన్న భ్రమ మనకు కలుగుతుంది. ఎవరి వంతు ఎప్పుడు రావలెను, ఎంతసేపు ఉండవలెను అనే నిర్ణయాన్ని ఆపరేటింగ్ సిస్టం హృదయమైన కెర్నెల్‌లో షెడ్యూలర్ అనే భాగం చేస్తుంది. ఈ నిర్ణయంలో మనవంటి సామాన్య వినియోగదారులకు ఏమైనా పాత్ర ఉన్నదా, ఉంటే అది ఎంతవరకు అన్నదే ఈ వ్యాస విషయం.

ఒక యంత్రాన్ని అనేకులు పంచుకొనడమనే ఆలోచన కొత్తది కాదు. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బాటో బృందం కాలాన్ని పంచి ఇచ్చే వ్యవస్థను ప్రదర్శించింది. 1969లో బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రారంభించిన యూనిక్స్ ఆ సంప్రదాయంలోనే పెరిగినది. ఒక గదిలో ఒక యంత్రం, దానికి తగిలించిన అనేక టెర్మినళ్లు, ఒక్కొక్క టెర్మినల్ ముందు ఒక మనిషి - ఇదీ ఆనాటి దృశ్యం. ఒకరు పెద్ద లెక్క మొదలుపెడితే తక్కిన వారందరి అక్షరాలు తెర మీద నత్తనడక నడిచేవి. అందుచేత "నా పనికి తొందర లేదు, ముందు మీరు కానివ్వండి" అని యంత్రానికి చెప్పే సాధనం ఒకటి అవసరమైంది. యూనిక్స్ నాలుగవ కూర్పు నాటికే "నైస్" అనే ఆజ్ఞ ఏర్పడింది. నడుస్తున్న పనికి కూడా ప్రాధాన్యాన్ని మార్చే "రీనైస్" ఆజ్ఞను ఆ తరువాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ కూర్పు తెచ్చింది.

నైస్ అనే ఆంగ్లపదానికి మంచితనం, మర్యాద అని అర్థం. మన హైదరాబాదులో ద్వారం వద్ద ఇద్దరు పెద్దమనుషులు ఎదురుపడితే "పహలే ఆప్" అంటూ ఒకరికొకరు దారి ఇచ్చుకొనే తకల్లుఫ్ పాఠకులకు తెలిసినదే. ఈ ఆజ్ఞలోని భావం సరిగ్గా అదే. ఈ సంగతి గుర్తుంచుకొంటే మొదటిసారి చూచినవారిని తికమకపెట్టే ఒక విషయం తేలికగా బోధపడుతుంది. నైస్ విలువ పెరిగేకొద్దీ ఆ పనికి ప్రాధాన్యం తగ్గుతుంది. ఆ సంఖ్య కొలిచేది పని గొప్పతనాన్ని కాదు, దాని మర్యాదను. లినక్స్‌లో ఈ సంఖ్య -20 నుండి 19 వరకు ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీ వంటి వ్యవస్థల్లో 20 వరకు పోతుంది. సాధారణంగా ప్రతి పనీ సున్నా వద్ద మొదలవుతుంది. టాప్ అనే ఆజ్ఞ ఇచ్చి చూస్తే ఎన్ఐ అనే శీర్షిక క్రింద కనిపించేది ఈ సంఖ్యయే. దాని ప్రక్కనే పీఆర్ అనే మరొక శీర్షిక ఉంటుంది. సాధారణ పనులకు అది ఈ సంఖ్యకు 20 కలిపిన మొత్తమే కనుక దాని గురించి వేరుగా కలవరపడనక్కరలేదు.

ఇక అసలు చట్టానికి వద్దాము. సామాన్య వినియోగదారుడు తన సొంత ప్రాసెస్‌ల నైస్ విలువను మాత్రమే మార్చగలడు; ఇతరుల వాటిని తాకలేడు. తన వాటినైనా పైకి పెంచగలడు గాని క్రిందికి దించలేడు. అనగా తన పని ప్రాధాన్యాన్ని తగ్గించుకొనే స్వేచ్ఛ అతనికి ఉన్నది, హెచ్చించుకొనే హక్కు లేదు. రూట్ అనే సర్వాధికారికి మాత్రమే రెండు దిశలలోనూ అధికారం ఉంటుంది. ఇంతవరకు న్యాయంగానే తోస్తుంది. ఎవరికి వారు -20 పెట్టుకొనే వీలుంటే అందరూ అదే పని చేస్తారు, అందరూ మళ్లీ సమానులే అవుతారు, ఆ సంఖ్యకు అర్థమే మిగలదు.

అయితే ఈ చట్టంలో మరొక మెలిక ఉన్నది. సున్నా వద్ద ఉన్న పనిని మీరే 10కి పెంచారనుకొందాము. తరువాత మీరే దానిని తిరిగి సున్నాకు తీసుకొని రాదలచితే కెర్నెల్ అంగీకరించదు. మీరిచ్చిన దానిని మీరు వెనుకకు తీసుకొనలేరు. ఇదేమి అన్యాయమని విద్యార్థి మిత్రులకు అనిపించవచ్చు. దీనికి కారణం ఉన్నది. యంత్ర నిర్వాహకుడు ఎవరో ఒకరి పని అందరికీ అడ్డు వస్తున్నదని భావించి దాని విలువను 15కు పెంచుతాడు. ఆ వినియోగదారుడు మరునిమిషంలో దానిని మళ్లీ సున్నాకు దించగలిగితే నిర్వాహకుని ఆదేశానికి విలువ ఉండదు. కెర్నెల్ వద్ద ఆ సంఖ్య మాత్రమే ఉంటుంది. దానిని పెంచినది ఎవరన్న చరిత్ర ఉండదు. కనుక స్వచ్ఛందంగా ఒదిగినవానికి, శిక్షగా ఒదిగించబడినవానికి తేడా తెలియక ఇద్దరికీ ఒకే నియమాన్ని వర్తింపజేస్తుంది.

దీని ఫలితం పుస్తకంలో చదివినప్పటి కంటె పనిలో దిగినప్పుడు బాగా తెలుస్తుంది. విభాగంలో అందరూ వాడే ఒక సర్వర్ మీద ఒక విద్యార్థి మూడు రోజులు పట్టే గణనను ప్రారంభించి, మర్యాదకొద్దీ 19 వద్ద ఉంచాడనుకోండి. రెండవ నాడు ఇతరుల పనులు వచ్చి పడతాయి. గడువు ముంచుకొని వస్తుంది. అతని పనికి వంతు నామమాత్రంగా మిగులుతుంది. దానిని ఆపి మొదటి నుండి మళ్లీ నడపడమో, నిర్వాహకుని ఆశ్రయించడమో తప్ప గతి లేదు. అందుచేత దీర్ఘకాలం నడిచే పని విషయంలో ఒక్కసారిగా చివరి మెట్టుకు పోరాదు. 5 వద్ద మొదలుపెట్టి, అవసరాన్నిబట్టి 10కి పెంచుకొనవచ్చును. పైకి పోవడానికి ఎప్పుడూ అడ్డు లేదు గదా. అలాగే మధ్యమధ్య ఫలితాలను డిస్కు మీద భద్రపరచుకొనే విధంగా ప్రోగ్రాము వ్రాసుకొన్నవాడు ఆపి తిరిగి మొదలుపెట్టుటకు వెరవనక్కరలేదు; కొత్తగా మొదలైన పని మళ్లీ సున్నా వద్దనే ఉంటుంది.

ఆజ్ఞల సంగతి త్వరగా చూద్దాము. నైస్ అని వ్రాసి, దాని తరువాత చిన్న గీత, ఎన్ అక్షరం, 10 అనే సంఖ్య, అటుపిమ్మట మన ప్రోగ్రాము పేరు వ్రాస్తే అది 10 వద్ద మొదలవుతుంది. సంఖ్య చెప్పకపోయినా 10 కలుస్తుంది. పాతకాలపు పద్ధతిలో ఎన్ అక్షరం లేకుండా గీత, 10 అని వ్రాసేవారు. అక్కడి గీత ఋణ సంకేతం కాదు, ఆప్షన్‌కు ముందు పెట్టే గీత మాత్రమే. దానిని చూచి ప్రాధాన్యం హెచ్చుతున్నదని భ్రమించినవారు తక్కువేమీ కాదు. సీ షెల్‌లో నైస్ అనేది షెల్‌లోనే ఇమిడిన ఆజ్ఞ. అక్కడ సంఖ్య చెప్పకపోతే విలువ 4 అవుతుంది. జెడ్ షెల్ అయితే నేపథ్యంలోకి పంపిన పనులకు మనం అడగకుండానే 5 కలుపుతుంది. ఒక షెల్‌లో నేర్చిన అలవాటు మరొక షెల్‌లో ఎందుకు తేడాగా పనిచేస్తున్నదో తెలియక విసిగేవారికి కారణం ఇది.

సామాన్యుడు ఋణ సంఖ్యను అడిగితే ఏమవుతుంది? లినక్స్ మీద సాధారణంగా ఉండే గ్నూ నైస్, అనుమతి లేదని ఒక హెచ్చరిక ముద్రించి, ప్రోగ్రామును మాత్రం పాత విలువతోనే నడిపిస్తుంది. పని నడిచింది కనుక కోరిక తీరిందని అనుకొనరాదు.

తల్లి ప్రాసెస్ విలువ బిడ్డ ప్రాసెస్‌కు వారసత్వంగా సంక్రమిస్తుంది. షెల్‌నే రీనైస్ చేస్తే ఇక ఆ షెల్ నుండి పుట్టే ప్రతి పనీ ఆ విలువతోనే పుడుతుంది; లాగ్ అవుట్ చేసి మళ్లీ వచ్చేవరకు విముక్తి లేదు. రీనైస్‌లో వినియోగదారుని పేరు చెప్పి అతని పనులన్నింటినీ ఒకేసారి మార్చే సౌకర్యం ఉన్నది. తన పేరే చెప్పి దీనిని ప్రయోగించే విద్యార్థి తన షెల్‌ను, ఎడిటర్‌ను కూడా వెనుకకు నెట్టుకొంటాడు. కనుక ప్రాసెస్ సంఖ్య చెప్పి ఒక్కదానినే మార్చుట మేలు. పైపు గుర్తుతో రెండు మూడు ఆజ్ఞలను కలిపి వ్రాసినప్పుడు ముందు పెట్టిన నైస్ మొదటి ఆజ్ఞకు మాత్రమే వర్తిస్తుందని కూడా గమనించవలెను. అన్నింటికీ వర్తించవలెనంటే ఆ వరుసనంతా ఒక షెల్‌కు అప్పగించి, ఆ షెల్‌ను నైస్‌తో ప్రారంభించవలసి ఉంటుంది.

ఇప్పుడు కొంత గణితం. నైస్ విలువ 10 అంటే ఎంత తగ్గినట్లు? లినక్స్‌లో 2007లో వెలువడిన 2.6.23 కెర్నెల్‌తో ఇంగో మోల్నార్ రూపొందించిన షెడ్యూలర్ వచ్చిన నాటి నుండి దీనికి స్పష్టమైన సమాధానం ఉన్నది. ప్రతి నైస్ విలువకూ ఒక బరువు ఉంటుంది. సున్నాకు బరువు 1024. ఒక మెట్టు ఎక్కినకొద్దీ బరువు సుమారు 1.25వ వంతున తగ్గుతుంది. 5కు 335, 10కి 110, 19కి కేవలం 15. ఒకే కోర్ మీద పోటీపడే పనుల మధ్య కాలం ఈ బరువుల నిష్పత్తిలో పంపిణీ అవుతుంది. 2023లో 6.6 కెర్నెల్‌తో షెడ్యూలర్ మళ్లీ మారినప్పటికీ ఈ బరువుల పట్టిక అలాగే నిలిచినది.

ఒక కోర్ మీద సున్నా వద్ద ఒక పని, 10 వద్ద ఒక పని ఉంటే మొదటిదానికి నూటికి సుమారు 90 పాళ్లు, రెండవదానికి సుమారు 10 పాళ్లు కాలం లభిస్తుంది. రెండవది 19 వద్ద ఉంటే దాని వాటా నూటికి ఒకటిన్నర పాలు కూడా కాదు. రెండూ 10 వద్దనే ఉంటే? చెరి సగం. ఇద్దరూ ఒకే మాదిరి ఒదిగినప్పుడు ఎవరూ ఒదగనట్లే. పోటీ బొత్తిగా లేకపోతే 19 వద్ద ఉన్న పనికి కూడా కోర్ మొత్తం దక్కుతుంది. మర్యాద పాటిస్తే యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు కూడా నా పని మెల్లగా నడుస్తుందేమో అన్న భయం చాలామందికి ఉన్నది, అది నిరాధారం. అదేవిధంగా ఎనిమిది కోర్లున్న యంత్రంలో ఐదు పనులే నడుస్తుంటే నైస్ విలువలు ఏవైనా ఎవరికీ పెద్దగా లోటు రాదు.

మరొక లెక్క కాస్త ఇబ్బందికరమైనది. ఒక కోర్ మీద మీ పని ఒకటి సున్నా వద్ద ఉన్నది. ప్రక్కవాడు ఎంతో మర్యాదగా 10 వద్ద పది పనులు నడుపుతున్నాడు. అతని బరువు మొత్తం 1100, మీది 1024. అనగా యంత్రకాలంలో సగం కంటె ఎక్కువ భాగం ఆ మర్యాదస్థునికే చెందుతుంది! గుంపుగా వచ్చినవారి వినయం ఒంటరివానికి అంతగా ఉపకరించదు. నైస్ పెట్టాను గదా అని వందల కొద్దీ పనులు ఒక్కసారిగా వదిలేవారు ఈ లెక్కను ఒకసారి వేసి చూచుకొనవలెను.

నైస్ ప్రాసెసర్ కాలాన్ని పంచుతుంది, మెమరీని పంచదు. యంత్రంలోని మెమరీనంతా ఆక్రమించే ప్రోగ్రామును 19 వద్ద పెట్టినా తక్కినవారు డిస్కు మీది స్వాప్ ప్రాంతంలో పడి నలుగుతూనే ఉంటారు. ఉమ్మడి యంత్రాలు కుంటుపడినప్పుడు చాలాసార్లు దోషం ప్రాసెసర్‌ది కాదు, మెమరీది. డిస్కు విషయానికి లినక్స్‌లో ఐయోనైస్ అనే వేరొక ఆజ్ఞ ఉన్నది. అందులో మూడవ తరగతిని ఎంచుకొంటే ఇతరులెవరూ డిస్కును వాడనప్పుడు మాత్రమే మన పని చదువుట, వ్రాయుట జరుపుకొంటుంది. పూర్వం ఈ తరగతి కూడా రూట్‌కే పరిమితమై ఉండేది. 2008లో వచ్చిన 2.6.25 కెర్నెల్ నుండి సామాన్యులకు అందినది. అయితే డిస్కుకు నియమించిన షెడ్యూలర్ ఈ తరగతులను గుర్తించేదై ఉండవలెను. లేనిచో ఆజ్ఞ తప్పు చెప్పదు, ఫలితమూ ఉండదు.

నైస్ పెట్టినా తేడా కనిపించడం లేదని చెప్పేవారిలో కొందరి బాధకు కారణం మరొకటి. 2011లో 2.6.38 కెర్నెల్‌తో ఆటోగ్రూప్ అనే ఏర్పాటు వచ్చినది. ఇది పనిచేస్తున్నప్పుడు ప్రతి టెర్మినల్ సెషన్ ఒక కుటుంబం. ముందు కుటుంబాల మధ్య కాలం సమానంగా పంచబడుతుంది. ఆ తరువాతనే కుటుంబం లోపల నైస్ విలువలను చూస్తారు. ఒక టెర్మినల్‌లో 19 వద్ద ఒక పని, వేరొక టెర్మినల్‌లో సున్నా వద్ద ఒక పని ఒకే కోర్ మీద ఉంటే రెండింటికీ చెరి సగమే లభిస్తుంది. ఇంటిలో అందరికంటె వెనుక కూర్చున్నంత మాత్రాన ఊరిలో ఆ ఇంటి వాటా తగ్గదు గదా. దీనికి ఉపాయం ఉన్నది. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ సంఖ్య క్రింద ఆటోగ్రూప్ అనే ఫైలు ఉంటుంది. అందులో 10 అని వ్రాస్తే ఆ సెషన్ అంతటికీ 10 వర్తిస్తుంది. విచిత్రమేమంటే ఇక్కడ సామాన్యుడు తిరిగి సున్నాకు రావడానికి అభ్యంతరం లేదు. సున్నా కంటె దిగువకు పోవడానికే అనుమతి కావలెను. ఇక సీగ్రూప్‌ల ద్వారా నిర్వాహకుడు ఒక్కొక్క వినియోగదారునికి వేరు వాటా కట్టిన యంత్రాల్లో, ఆ వాటాలు తేలిన తరువాతనే నైస్ మాట వినబడుతుంది.

పూర్తిగా ఒదగదలచినవారికి 19 కంటె క్రింద మరొక మెట్టు ఉన్నది. సీహెచ్ఆర్‌టీ అనే ఆజ్ఞతో పనిని ఐడిల్ అనే విధానంలో పెట్టవచ్చును. దాని బరువు 3 మాత్రమే. రాత్రి వేళ నడిచే పనులకు ఇది చక్కగా సరిపోతుంది. సామాన్యుడు దీనిలోకి నిరాటంకంగా పోవచ్చును. వెలుపలికి రావలెనంటే మళ్లీ పాత అనుమతి ప్రశ్నే ఎదురవుతుంది.

ఆ అనుమతి ప్రశ్నకు లినక్స్‌లో సమాధానం లేకపోలేదు. 2005లో వెలువడిన 2.6.12 కెర్నెల్‌లో నైస్ విలువకు ఒక పరిమితిని చేర్చారు. సామాన్యుడు ఎంతవరకు దిగవచ్చునో నిర్వాహకుడు వ్యక్తుల వారీగా, బృందాల వారీగా నిర్ణయించవచ్చును. 20 నుండి ఈ పరిమితిని తీసివేయగా వచ్చినదే అతడు దిగగల చివరి మెట్టు. పరిమితి 20 అయితే సున్నా వరకు, 25 అయితే -5 వరకు. ఎవరూ ఏమీ మార్చని యంత్రాల్లో ఈ పరిమితి సాధారణంగా సున్నా. అనగా ఒక్క మెట్టు కూడా వెనుకకు లేదు. బ్యాష్ షెల్‌లో యూలిమిట్ అని వ్రాసి, గీత, ఈ అనే అక్షరం చేరిస్తే మీ పరిమితి కనిపిస్తుంది. ఫ్రీబీఎస్‌డీలో గాని, మాక్ యంత్రాల్లో గాని ఇటువంటి పరిమితి లేదు; అక్కడ దారి ఒకవైపే.

ప్రాధాన్యం కావాలంటూ నిర్వాహకుని వద్దకు పోయే విద్యార్థులు సామాన్యంగా ఋణ సంఖ్యలనే అడుగుతారు. నిర్వాహకుడు నిరాకరిస్తాడు, నిరాకరించడం సబబే. అడగవలసినది అది కాదు. "నన్ను సున్నాకు తిరిగి రానివ్వండి" అని అడగవలెను. అందరూ మొదలయ్యేది సున్నా వద్దనే కనుక ఈ కోరిక వలన ఎవరి వాటాకూ లోటు రాదు. పైపెచ్చు తిరిగి రాగలనన్న ధైర్యం ఉన్నవాడే అడగకముందే ఇతరులకు దారి ఇస్తాడు. ఇచ్చినది మళ్లీ రాదని తెలిసిన యంత్రం మీద తెలివైనవాడెవడూ నైస్ జోలికి పోడు. సర్వర్‌లో టాప్ తెరిచి చూస్తే ఎన్ఐ వరుస నిండా సున్నాలు కనిపించడానికి బద్ధకం ఎంత కారణమో ఈ భయమూ అంతే కారణమని నా అభిప్రాయం. నిర్వాహకునికి ఒక నష్టం ఉన్నమాట నిజమే. అతడు పెంచిన విలువను కూడా వినియోగదారుడు సున్నాకు దించుకొనగలడు. కాని నిజంగా కట్టడి చేయవలసి వచ్చినప్పుడు అతని చేతిలో సీగ్రూప్‌లు ఉన్నాయి. ఆ పని నైస్‌తో చేయనక్కరలేదు.

ఏర్పాటు కూడా చిన్నదే. లిమిట్స్ డాట్ కాన్ఫ్ అనే ఫైలులో విద్యార్థి బృందం పేరు, గీత, నైస్ అనే మాట, సున్నా - ఈ నాలుగూ ఒక వరుసలో వ్రాస్తే చాలును. ఫైలులో సున్నా అని వ్రాసినా కెర్నెల్‌కు అది 20గా చేరుతుంది. అప్పటికే నడుస్తున్న సెషన్లకు ఇది వర్తించదు. లాగ్ అవుట్ చేసి మళ్లీ ప్రవేశించి యూలిమిట్‌తో చూచినప్పుడు 20 కనిపిస్తే, 19 వద్ద ఉన్న గణనను గడువు దగ్గరపడిననాడు సున్నాకు రప్పించుకొనవచ్చును.